కొత్తపేట మైలురాయి, రాజవ్వ నీళ్లు

నేను దయ్యాలను నమ్మను. నమ్మేవాడినైతే నేనల్లిన కథలకు నేనే జడుసుకుని ఎప్పుడో మంచం పట్టేవాడిని. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా నన్నెరిగినవాళ్లు ఎవరైనా సరే, నా మాటల్లో సగం తీసేసి మిగతా సగాన్ని అనుమానించమంటారు. అందుకే ఈ ఒక్క సంగతి ఎవరినీ నమ్మించలేకపోయాను. ఒక్కరైనా నమ్ముతారేమోనని రాస్తున్నాను.

నా అబద్ధాన్ని పట్టుకోగలిగింది మా ఆవిడ ఒక్కతే. కథ కట్టడం మొదలుపెట్టగానే నా ఎడమ చెయ్యి దానంతటది చెవి మీదికి పోతుందట. ఎంతమందిలో ఉన్నా ఆవిడ తన చెవి ముట్టుకుని చూపించేది. నాకు నవ్వాగేది కాదు, కథ అక్కడితో సరి. ఆవిడ పోయాక ఇంట్లో మాట్లాడటానికి గోడలు మిగిలాయి. మధ్యాహ్నాలు మరీ గడిచేవి కావు. అన్నం తినేసి, కొత్తపేటలో మెట్రో పిల్లర్ల పక్కన యాదగిరి చాయ్ బండి దగ్గరికి పోయి కూర్చునేవాడిని.

ఆ బండి పక్కన పాత మైలురాయి ఒకటుంది. నడుమెత్తు. మీద ఉర్దూ అంకెలు అరిగిపోయాయి. అంకెల మీద సున్నం, సున్నం మీద కోచింగ్ సెంటర్ల కాగితాలు. బందరు పోయే పాత బాట ఇదేనని పెద్దవాళ్లు అనేవారు. అంతకుమించి దాని సంగతి ఎవరికీ తెలియదు. అలాంటి రాయి దొరికితే నేను ఊరుకుంటానా? నిజాం ఏనుగు వీపు గోక్కున్న రాయన్నాను.

“ఏందన్నా, నిన్న ఒంటె అన్నవ్ గద. ఏనుగు ఎప్పుడొచ్చింది?” అనేవాడు యాదగిరి.

అన్నిటికన్నా బాగా కుదిరింది రాజవ్వ కథ. పూర్వం ఎండల్లో ఈ రాయి పక్కన కుండ పెట్టుకుని బండ్లవాళ్లకు నీళ్లు పోసేదని, బందరు పోయి తిరిగిరాని మొగుడి కోసం వచ్చేపోయే ప్రతివాడినీ అడిగేదని చెప్పాను. పేరు కూడా అప్పటికప్పుడు నోటికొచ్చిందే. చైతన్యపురి హాస్టల్ పిల్లలు ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. చెవి గోక్కుంటూనే చెప్పాను. పట్టుకునేవాళ్లు లేరు.

మొన్న మే నెలలో యాదగిరి చుట్టాల పెళ్లికని అబ్దుల్లాపూర్‌మెట్ పోయాడు. బండి మూసి ఉంది. అలవాటు కొద్దీ అక్కడే కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నం. రోడ్డు మీద బండ్లు పోతున్నాయి గాని నా పక్కన మనిషన్నవాడు లేడు.

ఒక ముసలామె వచ్చి రాయికి అవతల చతికిలబడింది. పచ్చ చీర, చేతులకు కడియాలు. అంత ఎండలో నడిచొచ్చిన మనిషికి చెమట చుక్క లేదు.

“ఏం కొడుకా, నా ముచ్చట అందరికి గట్ల చెప్పవడితివి?” అంది.

యాదగిరి పంపిన మనిషి అనుకున్నాను. నేనూ ఆటలోకి దిగాను. “మరి ఎట్ల చెప్పాలె అవ్వా?”

“నా మొగడు ఏ బందరు పోలే. ఇంట్లనే పండుకునెటోడు. ఆని కోసం ఏడ్సుడు గూడనా!” కసురుకుంది. “నేను ఎవ్వల్ని ఏమడగలే. ఆళ్లే నన్నడిగేటోళ్లు. రాయి సదువరాదు గద ఆళ్లకు. పట్నం ఇంకెంత దూరమవ్వా అంటే, నీళ్లు తాగి లేస్తే ఒస్తది పో బిడ్డా అనేదాన్ని.”

“అంత దగ్గర్నా?”

“యాడిది! ఉత్త అబద్ధం. గని నవ్వుకుంట లేసేటోళ్లు.”

నేను గట్టిగా నవ్వాను. మా ఆవిడ పోయాక అలా నవ్వడం అదే మొదలు.

ఆమె రోడ్డవతల కళ్లద్దాల దుకాణం మెట్ల వైపు చెయ్యి చూపింది. “రాయి ఈడ లేకుండె. గాడుండె, పట్నం పొయ్యే దిక్కు. ఇరగ్గొట్టి ఈడ పెట్టిన్రు. దాని మొదలు గాడనే ఉన్నది.” తర్వాత నన్ను తేరిపార చూసింది. “అన్ని తప్పే చెప్పినవ్. పేరొక్కటి సక్కగ చెప్పినవ్. నీకెట్ల దెల్సె?”

జేబులో ఫోను మోగింది, ఎవరో ప్లాటు కొంటారా అని. కట్ చేసి తలెత్తితే ఆమె లేదు. రాయికి ఆ పక్క గోడ, ఈ పక్క నేను. నన్ను దాటకుండా పోవడానికి దారి లేదు. రాయి పక్కన నేల తడిగా ఉంది.

తెల్లారి యాదగిరికి చెప్పాను. పొట్ట పట్టుకుని నవ్వాడు. “కిరాక్ ఉన్నదన్నా. ఇగ గీ కథనే చెప్పు.” ఒట్టు వేశాను. “ఒట్టు గూడ కథల కలిపినవా?” అన్నాడు.

వానలు పడకముందే రోడ్డవతల మురుగుకాలువకని తవ్వారు. కళ్లద్దాల దుకాణం మెట్ల ముందు జేసీబీకి ఒక రాయి మొదలు తగిలింది. కింద చెక్కని గరుకు భాగం, పైన విరిగిన అంచు. యాదగిరిని చెయ్యి పట్టి లాక్కుపోయి చూపించాను. ఇవతలి మైలురాయి సిమెంటు దిమ్మలో ఉంది కాబట్టి రెండూ అతుకుతాయో లేదో చూసే వీల్లేదు. కానీ అదే వెడల్పు, అదే మందం. మైలురాయి అంచున పైనుంచి కిందిదాకా ఒక ఎర్ర చార ఉంటుంది. ఆ మొదలుకూ అదే అంచున అదే చార ఉంది.

యాదగిరి వంగి ఆ చారను వేలితో తడిమి చూశాడు. నమ్మాడనుకున్నాను. చివరికి నా భుజం మీద చెయ్యేశాడు.

“ముందుగాల్ల గిది యాడనో జూసి, ఎన్క కథ అల్లినవ్ గద అన్నా? ఉస్తాద్‌వి నువ్వు.”

సాయంత్రానికి ఆ మొదలును మట్టితో పాటు లారీలో వేసుకుపోయారు.

మైలురాయిని ఎప్పుడు ఇవతలికి మార్చారో చెప్పగలిగిన మనిషి నాకు దొరకలేదు. రాజవ్వ పేరు నా నోటికెలా వచ్చిందో నాకే తెలియదు. ఇప్పుడు రాయి పక్కన ఒక కుండ పెట్టాను. ఎండలో వచ్చినవాళ్లు మెట్రో స్టేషన్ ఎంత దూరమని అడిగితే, నీళ్లు తాగి లేస్తే వచ్చేస్తుంది అంటాను. నవ్వుకుంటూనే లేస్తారు.

ఇది రాస్తున్నంతసేపూ నా ఎడమ చెయ్యి కాగితం మీదే ఉంది. ఒక్కసారి కూడా చెవి మీదికి పోలేదు. అది చూసి నిజమేనని చెప్పాల్సిన మనిషే లేదు.