ఏడింటికల్లా ముగిసే ఆట

సినిమా హాలు మూతపడి సిమెంటు గోడౌనుగా మారిపోయినా, అందరూ అతన్ని ఇంకా ఆపరేటరు అనే పిలిచేవారు. ప్రొజెక్టరు గదిలో వెళ్లదీసిన ఉద్యోగం గురించి అతను చెప్పుకునే గొప్పల్లో మొదటిది దొంగపనే. వాన పడి సెకండ్ షోకి జనం పలచగా ఉంటే ఒక రీలు ఎగరగొట్టేసి, తొందరగా ఇల్లు చేరేవాడు.

"హీరో దెబ్బలు తిని పడిపోయాడు, మరుక్షణం లేచి హీరోయిన్‌తో పాట పాడాడు. టిక్కెట్టు కొన్నవాడు ఒక్కడు కనిపెడితే ఒట్టు!" అని భార్యకి చెప్పి పగలబడి నవ్వేవాడు. ఆవిడా నవ్వేది.

హాలు పోయాక అతనికి మిగిలిన కాలక్షేపం పేకాట. సాయంత్రం కాగానే ఫ్యాను కింద బీరువాకి వీపు పెట్టి కూర్చుని ముక్కలు పంచేవాడు. ఎదురుగా భార్య. ఇద్దరే రమ్మీ. రోజూ అతనే గెలిచేవాడు. గెలిచి ఊరుకుంటే మనిషెందుకవుతాడు? "ఆటీను రాణిని ఎవరైనా పారేస్తారుటే? నీ తలకాయలో ఏముంది?" అని దులిపేసి, మీసం సర్దుకుని, వీధి చివర టీ కొట్టుకి వెళ్లేవాడు. అతను లేని ఆ కాసేపూ ఆవిడ టీవీ పెట్టుకునేది. అతనికి టీవీ అంటే ఒళ్లుమంట. తన హాలుని మింగేసింది అదేనని కోపం.

ఒకరోజు అతను టీ తాగి వచ్చేసరికి టీవీ మోగుతూనే ఉంది, ఆవిడ కుర్చీలో వాలి ఉంది. "కరెంటు ఊరికే వస్తోందనుకున్నావా?" అని తిట్టి, ముందు టీవీ కట్టేశాడు. ఆ తర్వాతే భార్యకేసి చూశాడు. గుండె ఆగి ఎంతసేపైందో డాక్టరు కూడా చెప్పలేకపోయాడు.

కొన్నాళ్లు ముక్కలు ముట్టుకోలేదు. చివరికి ఉండబట్టలేక దర్జీ కొట్టు వెనక గదిలో జరిగే ఆటకి వెళ్లాడు. "చూసుకోండి మరి, నేను ఓడి ఎరగను," అని ముందే హెచ్చరించాడు కూడా. మొదటి ఆట పోయింది. రెండోదీ పోయింది. వారం తిరిగేసరికి అతను వస్తుంటేనే అందరి మొహాలూ విచ్చుకునేవి.

"ఇన్నాళ్లూ ఎవరితో ఆడారు ఆపరేటరు గారూ?" అన్నాడు దర్జీ.

"మా ఆవిడతో."

"మహాతల్లి! కావాలనే ఓడిపోయి ఉంటుంది," అన్నాడు దర్జీ. గదంతా గొల్లుమంది.

అతనికి తల కొట్టేసినట్టయింది. కానీ ఇంటికి నడుస్తుంటే ఆ మాటే మెల్లగా తియ్యగా అనిపించింది. కావాలనే ఓడింది! తన మొహంలో సంతోషం చూడ్డానికి ఇన్నేళ్లూ తిట్లు తింటూ ఓడింది. బతికుండగా ఒక్క మంచిమాట అనని మనిషికి, పోయాక ఆవిడ మీద ప్రేమ పొంగుకొచ్చింది. ఆ ఒక్క ఊహనీ పట్టుకుని వేళకి తింటున్నాడు, నిద్రపోతున్నాడు. కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాడు.

మరదలు చూడ్డానికి వచ్చినప్పుడు ఆమెకీ చెప్పాడు. "మీ అక్క నా కోసం ఓడిపోయేదమ్మా," అన్నాడు.

మరదలు వింతగా చూసింది. "మీ కోసమా? ఏడింటికి మా సీరియల్ మొదలవుతుంది బావగారూ. ఆలోగా మీరు గెలిచి బయటికి పోతే గానీ టీవీ పెట్టుకోడానికి లేదు కదా! అయిపోయాక ఇద్దరం ఫోన్‌లో దాని గురించే చెప్పుకునేవాళ్లం. ఒకరోజు మీ ఆట తెమలక అత్తగారికి విషం పెట్టే ఘట్టం తప్పిపోయిందని అక్క ఎంత ఏడ్చిందో!"

"నాకు ఏ ముక్క కావాలో తనకెలా తెలుస్తుంది? అబద్ధం!"

"మీ వెనక బీరువాకి అద్దం ఉంది," అందామె.

అతను తిరిగి చూశాడు. అద్దంలో తన బట్టతల, వంగిన భుజాలు, ఖాళీగా ఉన్న చేతులు కనిపించాయి.

"నా గురించి ఏమీ అనేది కాదా?" అన్నాడు. ఏదో ఒకటి, చిన్నదైనా సరే, విదిలిస్తుందేమోనని ఆశ.

"ఎందుకనదు? 'ఆయన దగ్గర నేర్చుకున్న విద్యేనే, వాన రోజు రీలు ఎగరగొట్టినట్టు ఆట ఎగరగొట్టేస్తున్నా, కనిపెడితే ఒట్టు' అని నవ్వేది. మీరు వీధి చివరికి వెళ్లాకే ఇల్లు ఇల్లులా ఉండేదిట." అని, నాలుక కరుచుకుని, గడియారం చూసింది. "అయ్యో, ఏడవుతోంది! టీవీ పెట్టుకోనా?"

అతని జవాబు కోసం ఆగలేదు. పెట్టేసుకుంది.

"కాస్త అడ్డు తప్పుకోండి బావగారూ, కనబడట్లేదు."

ఆపరేటరు లేచాడు. ఆ వేళకి ఎటు వెళ్లాలో కాళ్లకి అలవాటే. చెప్పులేసుకుని వీధిలోకి దిగాడు. వెనక ఇంట్లోంచి సీరియల్ పాట మొదలైంది. ఆ పాట అతనికి మొదటి నుంచి చివరిదాకా వచ్చు. ఇన్నేళ్లూ రోజూ గెలిచి, టీ కొట్టుకేసి నడుస్తూ, దాన్నే ఈల వేసుకుంటూ వెళ్లేవాడు.