ఇక్కడ టేపు నలిగిందమ్మా!

మా లూయిస్ బాబాయి ఎవరినీ ఏ సినిమానూ పూర్తిగా చూడనిచ్చేవాడు కాదు. ఆయన్ని గురించి చెప్పుకోవాల్సింది ఇదొక్కటే. మిగతా విషయాల్లో ఆయన మనలాంటి మనిషే. అన్నం తింటాడు, ఆదివారం చర్చికి వెళ్తాడు, చొక్కా గుండీలు సరిగ్గానే పెట్టుకుంటాడు. చేతికి రిమోటు తగిలితేనే మారిపోతాడు.

యానాంలో మాకు వీడియో క్యాసెట్ల షాపు ఉండేది. మా నాన్న పేరు మీద వెంకటరమణ వీడియోస్. క్యాసెట్లు ఆడించే డెక్కు ఇంట్లో లేనివాళ్ళకి, అదీ టీవీ కలిపి ఒక పూటకి అద్దెకిచ్చేవాళ్ళం. అయితే డెక్కుని ఒంటరిగా ఎవరింటికీ పంపేవాళ్ళం కాదు. దాని వెంట షాపు మనిషి వెళ్ళి, వైర్లు తగిలించి, సినిమా ఆడించి, వాళ్ళు పెట్టింది తిని, మళ్ళీ దాన్ని భద్రంగా తిరిగి తేవాలి. కొత్త పెళ్ళికూతుర్ని దిగబెట్టడానికి ఓ పెద్ద ముత్తయిదువ తోడు వెళ్తుందే, అలాగన్నమాట. పదిహేనేళ్ళపాటు ఆ ముత్తయిదువ మా లూయిస్ బాబాయే. ఆయన మాకు చుట్టమేమీ కాదు. నేను నిక్కర్లు తొడుక్కునే రోజుల నుంచీ షాపులో ఉన్నాడు కాబట్టి బాబాయి.

డెక్కు మీది బొత్తాలు ఎప్పుడో ఊడిపోయాయి. ఏం చెయ్యాలన్నా రిమోటే గతి. దాన్ని ఆయన ఖాళీ పాలకవర్లో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, చొక్కా జేబులో దాచుకునేవాడు. దాన్ని ముట్టుకున్న మగాడు యానాంలో లేడు. ఒకసారి కనకాలపేటలో ఓ కొత్తల్లుడు మాత్రం ధైర్యం చేసి చెయ్యి చాపాడు.

"ఏవండీ, ఆ రిమోటు ఇటివ్వండి."

"మీ వంటింట్లో గరిటె నేనేమన్నా అడిగేనా బాబూ?"

"సౌండు పెంచుదామనీ..."

"ఎంత కావాలో చెప్పండి, నేను పెంచుతా. అల్లుడుగారు కాలు మీద కాలేసుకుని కూర్చోండి. ఆ పని మీకు బాగా వచ్చు."

అల్లుడు అలిగి అన్నం మానేశాడు. ఆ అన్నం కూడా బాబాయే తిన్నాడు.

ఇక ఆయన సినిమా ఆడించే పద్ధతి చెప్తాను. కథ మంచి పట్టు మీద ఉంటుంది. హీరోయిన్ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. ఎవరో తలుపు దడదడా బాదుతారు. సరిగ్గా అప్పుడు తెర మీద అడ్డగీతలు పడి, మనుషులు చీమల్లా అటూ ఇటూ పరిగెత్తి, మరుక్షణం అందరూ ఓ తోటలో నవ్వుతూ కనబడేవాళ్ళు.

"అయ్యయ్యో, ఏమైందండీ?"

"ఇక్కడ టేపు నలిగిందమ్మా!"

"పోయినసారీ ఇక్కడే నలిగిందన్నారు కదా?"

"నలిగిన టేపు దానంతటదే బాగవుద్దేంటమ్మా? చొక్కానా, ఇస్త్రీ చెయ్యడానికి?"

మూడు గంటల సినిమా ఆయన చేతిలో రెండుంపావు గంటల్లో తేలిపోయేది. భోజనం వేళకి సినిమా ముగించెయ్యడానికే ఈ పని చేస్తున్నాడని నా గట్టి నమ్మకం. గోదావరికి పులస చేపలొచ్చే రోజుల్లో నా అనుమానం మరీ ముదిరేది. వంటింట్లోంచి పులుసు వాసన రాగానే హీరో హీరోయిన్లకి ముహూర్తం పెట్టేస్తాడని నేనే నలుగురితో చెప్పేవాణ్ణి.

రెండువేల ఒకటిలో షాపు నా చేతికి వచ్చింది. నాన్న నన్ను మెచ్చి ఇచ్చాడనుకునేరు. పదో తరగతి లెక్కల పరీక్ష నేను మూడుసార్లు తప్పాను. నాలుగోసారి రాస్తానంటే నాన్న రెండు చేతులూ జోడించి దండం పెట్టి కౌంటర్లో కూర్చోబెట్టాడు. నాకేం దిగులు కలగలేదు. షాపులో లూయిస్ బాబాయి ఆడించిన పాత సినిమాలన్నీ చూసినవాణ్ణి. వాటిల్లో ఏ హీరో చదివి బాగుపడ్డాడు? పుస్తకాలు పట్టుకుని కాలేజీకి వెళ్తాడు, పాట పాడతాడు, తర్వాత చూస్తే ఆఫీసర్ కుర్చీలో ఉంటాడు. మధ్యలో పరీక్ష అనే బెడదే లేదు. అదే నా ధైర్యం.

తర్వాత క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి. బాబాయి మాట మాత్రం మారలేదు.

"ఇక్కడ టేపు నలిగిందమ్మా!"

"సీడీలో టేపెక్కడిది బాబాయ్?" అన్నాను ఓసారి ఉండబట్టలేక.

"నలగడానికి టేపే అవ్వాలేంట్రా? అరిటాకు నలగదా? ముందు ఆ తలుపు దగ్గిరకెయ్, ఎండ కొడతంది."

రెండువేల ఐదు వచ్చేసరికి చైనా ప్లేయర్లు చవగ్గా దిగాయి. గుడిసెలో కూడా ఒకటి ఉంది. డెక్కుతో తోడు వెళ్ళే పని లేకుండా పోయింది. వారం రోజులు నసిగి నసిగి, ఓ మధ్యాహ్నం బాబాయిని పిలిచాను.

"బాబాయ్, ఇప్పుడు అందరిళ్ళల్లోనూ ప్లేయర్లున్నాయి. సీడీ పట్టుకుపోయి వాళ్ళే పెట్టుకుంటున్నారు. అందుకని వచ్చే నెల నుంచి..."

బాబాయి జేబులోంచి పాత రిమోటు తీశాడు. పాలకవరు విప్పాడు. నా మొహానికి గురిపెట్టి ఓ బొత్తం నొక్కాడు.

"ఏం చేస్తున్నావు?"

"నువ్వు చెప్పబోయేదంతా ముందుకి తిప్పేసేను. అర్థమైందిలే. వస్తాన్రా అబ్బాయ్."

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. రిమోటు నొక్కడం తప్ప ఇంకో పని రాదు. ఆ వయసులో ఆయనకి ఎవరూ కొత్త పని ఇవ్వరని నాకు తెలుసు. తెలిసీ అన్నాను. ఆ రోజంతా నా మీద నాకే చిరాకుగా అనిపించింది.

ఆ వారమే మా షాపులో పాత సినిమాల గిరాకీ మొదలైంది. సొంత ప్లేయర్ కొనుక్కున్న ప్రతివాళ్ళకీ అప్పట్లో డెక్కు మీద చూసిన సినిమాలు మళ్ళీ చూడాలనిపించింది. అందరూ అడిగింది ఒకటే, అన్నదమ్ముల సినిమా. దాని అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు, అవసరమూ పడలేదు. ఒక అన్న, ఒక తమ్ముడు, వాళ్ళకో చెల్లెలు, చివర్లో అందరూ కలుసుకుని ఏడవడం. దాని సీడీలు కాకినాడ నుంచి తెప్పించి ఒకే రోజు మూడిళ్ళకి ఇచ్చాను.

మర్నాడు పొద్దున్నే దరియాలతిప్ప నుంచి చిట్టెమ్మ వచ్చింది. ఆవిడ భర్త సముద్రం మీద వేటకి వెళ్తాడు. వస్తూనే సీడీని కౌంటర్ మీద విసిరింది.

"ఏవయ్యా, ఇదెక్కడి సినిమా? అన్న పడవ మునిగిపోయింది!"

"మునుగుతుంది కదమ్మా. కథే అది."

"ఎవరు చెప్పేరు నీకు? మా ఇంట్లో పన్నెండు మాట్లు చూసేం. ఏనాడూ మునగలేదు. అన్న కాస్సేపు కనబడడు, తర్వాత గెడ్డంతో వస్తాడు."

"మరి గడ్డం ఎందుకొచ్చిందనుకున్నారు?"

"తిరపతి మొక్కనుకున్నాం!"

సినిమా పెట్టిన సమయానికి ఆవిడ భర్త వేటలో ఉన్నాడు. తెర మీద పడవ మునగ్గానే ఈవిడ పెట్టిన కేకలకి వీధి వీధంతా రేవుకి పరిగెత్తింది. అతను సాయంత్రం చేపల బుట్టతో దిగేసరికి రేవులో నలభై మంది ఏడుస్తున్నారు. ఎవరో పోయారనుకుని పాపం అతనూ కాసేపు వాళ్ళతో కలిసి ఏడ్చాడట.

ఆవిడ తిట్లు పూర్తికాకముందే సుబ్బలక్ష్మి వచ్చింది. ఆవిడ భర్త బుల్లబ్బాయి మందు మానేసి నాలుగేళ్ళయింది. అడుగుకో బ్రాందీ షాపున్న యానాంలో అది ఎంత కష్టమో, అందుకోసమే పక్క ఊళ్ళ నుంచి పనిగట్టుకుని వచ్చేవాళ్ళని అడగండి.

"ఇందులో తమ్ముడు అంతసేపు తాగుతాడని ముందు చెప్పొద్దా? ఆ తాగుడు పాట సగంలో ఉండగానే మాయన లేచి చొక్కా తొడుక్కున్నాడు. తలుపుకి అడ్డంగా కూర్చున్నాను, తెలుసా!"

"మరి ఇన్నేళ్ళూ తమ్ముడు ఆసుపత్రిలో ఎందుకు పడ్డాడనుకున్నారండీ?"

"టైఫాయిడ్డనుకున్నాం."

చిట్టెమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "టైఫాయిడ్డేంటమ్మా! తాగి తాగి పడ్డాడు గదా. ఆ పాట మా పిల్లలకి కంఠతా వచ్చు."

"ఆ పాట మేం నిన్ననే చూడ్డం. అదలా ఉంచండి, పడవ మునగడం మీరు చూళ్ళేదా? అది చూసి మా ఇంట్లో ఎంత ఏడ్చేవాళ్ళం!"

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఈలోగా అగ్రహారం నుంచి దివ్య దిగింది. ఆ అమ్మాయి సీతామహాలక్ష్మి గారి కోడలు.

"అన్నయ్యగారూ, ఈ సినిమాలో చెల్లెలికి అత్తగారుంటుంది కదండీ. పెళ్ళిలో అక్షింతలేస్తుంది, మళ్ళీ ఆఖర్లో కోడల్ని కౌగిలించుకుంటుంది. మా అత్తగారికి ఆవిడంటే ప్రాణం. అచ్చం అలాగే ఉంటారు పాపం. నిన్నటి సీడీలో ఆవిడ మధ్యలో కూడా వచ్చిందండీ."

"వస్తే?"

"మా అత్తగారు కాగితం తెప్పించుకుని ఆవిడ కోడల్ని దెప్పే మాటలన్నీ రాసుకున్నారు. పొద్దున్న కాఫీ దగ్గర రెండు వాడేరు. ఇంకా ఆరున్నాయండీ!"

నేను తల పట్టుకున్నాను. మూడిళ్ళల్లోనూ ఇన్నేళ్ళూ ఆడింది ఒకే క్యాసెట్. ఇచ్చింది మా షాపే. పట్టుకెళ్ళింది ఒక్క మనిషే.

అప్పటికప్పుడు సైకిలెక్కి బాబాయి ఇంటికి వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని పాత రిమోటుని పంచె చెంగుతో తుడుస్తున్నాడు. లోపలి నుంచి ఆయన భార్య ఫిలోమినా పిన్ని మజ్జిగ తెచ్చింది.

"బాబాయ్, చిట్టెమ్మ గారింట్లో పడవ ఎందుకు మునగలేదు?"

"అక్కడ టేపు నలిగిందిరా."

"అదే టేపు బుల్లబ్బాయి గారింట్లో ఆడితే పడవ బ్రహ్మాండంగా మునిగిందట."

"మునుగుద్ది మరి. ఆళ్ళింట్లో వేటకెళ్ళేవాళ్ళు లేరుగా!"

అనేసి నాలిక్కరుచుకున్నాడు. పిన్ని అందుకుంది. "ఏ ఇంటికెళ్ళినా ముందు ఆ వీధి చివర టీ కొట్టు దగ్గర కూర్చుని, ఆ ఇంట్లో ఎవరికేం బెంగో కనుక్కుని మరీ వెళ్ళేవాడు బాబూ. ఏది చూస్తే ఎవరు బాధపడతారో అది తిప్పేసేవాడు. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు కూడా..."

బాబాయి గభాల్న రిమోటు ఆవిడ వైపు తిప్పి నొక్కాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ బొత్తం ఒక్కసారి కూడా పనిచెయ్యలేదట. ఆవిడ మొత్తం చెప్పింది.

నాకు చాలా సిగ్గేసింది. పులుసు కోసం తొందరపడుతున్నాడని ఇన్నేళ్ళూ ఊరంతా చాటింది నేనే. మజ్జిగ తాగేసి షాపుకి వచ్చేశాను. తలుపు దగ్గరగా వేసుకుని అన్నదమ్ముల సినిమా పెట్టాను. లెక్కలేనన్నిసార్లు చూసిన సినిమానే. కానీ రిమోటు నా చేతిలో ఉండటం అదే మొదటిసారి.

సినిమా మొదలై అరగంట అయిందో లేదో, తమ్ముడు చేతిలో పేపరు పట్టుకుని పొలం గట్ల మీద పరిగెత్తుకుంటూ వచ్చాడు. నేను ఉలిక్కిపడ్డాను. నాకు గుర్తున్నంతలో ఇది నేనెన్నడూ చూడని ముక్క.

"అమ్మా! నేను పాసయ్యానమ్మా! ఫస్టు క్లాసు! లెక్కల్లో నూటికి నూరు!"

వాళ్ళమ్మ నోట్లో చక్కెర పోసింది. ఊరంతా పూలదండలేసింది. ఇంకో పాత సినిమా పెట్టాను. అందులో వాడూ పేపరు పట్టుకుని పరిగెత్తాడు. సాయంత్రం దాకా వరసగా ఎనిమిది సినిమాలు ముందుకీ వెనక్కీ తిప్పాను. ఎనిమిదింట్లోనూ వెధవలందరూ పాసయ్యారు. నేను మొదటిసారి లెక్కలు తప్పిన రోజు నుంచీ ఒక్కడు కూడా నా ముందు పాసవకుండా కాపలా కాశాడు మా బాబాయి. నవ్వొచ్చింది. చాలాసేపు నవ్వాను. ఆయనంటే నాకు ఎంత ప్రేమో ఆ నవ్వులోనే తెలిసింది.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఆయన అరుగు ఎక్కాను.

"బాబాయ్, హీరోలంతా పాసయ్యారటగా?"

ఆయన మొహం పాలిపోయింది. "ఎవడు చెప్పేడు?"

"నిన్న నేనే చూశాను. లెక్కల్లో నూటికి నూరట."

"సినిమాల్లో పేపర్లు దిద్దేవాళ్ళు మంచోళ్ళురా. నువ్వేం మనసులో పెట్టుకోకు."

"లేచి చొక్కా తొడుక్కో. షాపులో జనం నీకోసం కూర్చున్నారు."

నిజంగానే కూర్చున్నారు. చిట్టెమ్మ, సుబ్బలక్ష్మి, దివ్య, ముగ్గురిదీ ఒకటే మాట. "ప్లేయరొద్దు, టీవీ వద్దు, మా ఇంట్లో ఉన్నాయి. లూయిస్ గారిని పంపండి చాలు." అలా ఆ తర్వాత నాలుగేళ్ళపాటు మా షాపు మనిషినే అద్దెకిచ్చింది. సీతామహాలక్ష్మి గారింట్లో అత్తగారు మళ్ళీ మధ్యలో మాయమైంది. ఆ కాగితం మాత్రం ఏమైందో దివ్య చెప్పలేదు, నేనూ అడగలేదు.

బాబాయి మళ్ళీ పనిలోకి వచ్చిన రెండేళ్ళకి నాకు పెళ్ళిచూపులు జరిగాయి. అమ్మాయి పేరు సాయిలక్ష్మి, లెక్కల్లో డిగ్రీ. ఆ మాట వినగానే నేను సగం చచ్చాను. మా తరఫు పెద్దమనిషిగా లూయిస్ బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు కుర్చీలో కూర్చున్నాడు. కాఫీలయ్యాక అమ్మాయి తండ్రి గొంతు సవరించుకున్నాడు.

"అబ్బాయి ఎంతవరకు చదివేడండీ?"

నాన్న ఇంటి దూలాలు లెక్కపెట్టడం మొదలెట్టాడు. నేను నేల చూశాను. బాబాయి నింపాదిగా జేబులోంచి పాలకవరు తీసి, రబ్బరు బ్యాండు విప్పి, రిమోటు ఆయన వైపు పెట్టి నొక్కాడు.

"అక్కడ టేపు నలిగిందండీ. ఆ తర్వాత నుంచి చూడండి, బొమ్మ చాలా బాగుంటది."

అప్పుడు తలుపు చాటు నుంచి అమ్మాయి గొంతు వినిపించింది.

"ఎన్నిసార్లు నలిగిందండీ?"

"మూడుసార్లేనమ్మా!" అన్నాడు బాబాయి.

లోపలి నుంచి పెద్దగా నవ్వు వచ్చింది. ఆ నవ్వుతో మా పెళ్ళి కుదిరింది.