అత్త ఎత్తుకొచ్చిన ఖాళీ గంప

మొన్న మా కరీంనగర్ చర్చి వాట్సాప్ గ్రూపులో ఒక కబురు వచ్చింది. వచ్చే ఆదివారం కోత పండుగ. ఎవరూ శ్రమ పడనక్కర లేదు, రంగు కాగితం చుట్టి రిబ్బన్ కట్టిన పండ్ల బుట్టలు గేటు దగ్గరే అమ్ముతారు, కొనుక్కొని లోపలికి తెచ్చి దేవుని ముందు పెడితే చాలు అని. దాని కింద వరుసగా చేతులు జోడించిన బొమ్మలు. నాకు ఒళ్లు మండింది. టీచరుద్యోగం నుంచి రిటైరయ్యాను గాని టీచరమ్మ కోపం నుంచి ఇంకా కాలేదు. ఫోను పక్కన పడేసి అటక మీది గంపను కిందికి దింపించాను. పాత వెదురు గంప. అంచు ఒకచోట విరిగితే తీగతో కుట్టి ఉంటుంది. అది మా మేనత్తది.

అత్త అంటే మా బాపుకు అక్క. లక్సెట్టిపేట దగ్గర గోదావరి ఒడ్డు ఊళ్లో ఉండేది. మొగుడు ఎన్నడో పోయాడు, పిల్లలు లేరు, ఉన్నది రెండెకరాల చేను. చదువు రాదు. కానీ చర్చిలో చదివిన మాట ఒక్కసారి చెవిన పడితే మరిచేది కాదు. కాకపోతే దాన్ని తన ఊరికి తగ్గట్టు మార్చుకునేది. పూర్వం యూదుల రాజులు దేవుణ్ణి విడిచి ఐగుప్తు గుర్రాలను నమ్ముకుంటే ప్రవక్తలు వాళ్లను చెడామడా తిట్టారని అయ్యగారు ఒకనాడు ప్రసంగంలో చెప్పాడు. ఆనాటి నుంచి ఆ ఊరి చర్చి సంఘ పెద్దకున్న ట్రాక్టరు పేరు ‘ఐగుప్తు గుర్రం’ అయిపోయింది. అత్తకు ఆయన మరిది వరస. ఊళ్లో మావాళ్లలో ట్రాక్టరున్నది ఆయనొక్కడికే. “అగో, ఐగుప్తు గుర్రం వస్తుంది, జరుగుండ్రి” అని ఆయన వినేటట్టే అనేది.

ఆ ఊరి కోత పండుగంటే చేన్లో మొదట చేతికొచ్చింది గంపల్లో నింపుకొని, డప్పుల వెంట చర్చిలోకి నడవడం. పత్తి, మక్క కంకులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. ఒక ఏడు ఒక పుంజు తాడు తెంపుకొని, ప్రసంగం మధ్యలో బల్ల ఎక్కి కూసింది. అత్త “గిదే జర మంచిగ జెప్పింది” అన్నది గట్టిగానే. ఆ వరుసకు ముందు నడిచేది ఎప్పుడూ ఆమే. అది ఎవరో ఇచ్చిన పదవి కాదు. ఆమె నడిచేది, మిగతావాళ్లు వెనక నడిచేవాళ్లు.

కొన్నేళ్ల కింద గోదావరి ఊరి చేన్ల మీదికి వచ్చింది. పూతకొచ్చిన పత్తి మూడు రోజులు నీళ్లలో ఉండి కుళ్లింది. వరద తీసిన తర్వాత చూస్తే అత్త చేను నిండా మోకాలెత్తు ఇసుక. ట్రాక్టరు పెట్టి తోడిస్తే తప్ప యాసంగి పంట లేదు, పంట లేకపోతే ఆమెకు తిండి లేదు. ఇంతలో కోత పండుగ రానే వచ్చింది. ఆ ఏడు పెద్దయ్యగారు, అంటే బిషప్పు, కూడా వస్తున్నారు. సంఘ పెద్దకు పరువు పట్టుకుంది. ముందురోజే మంచిర్యాల మార్కెట్ నుంచి ట్రాక్టరు నిండా కూరగాయలు, పండ్లు తెచ్చి ఇంటింటికీ పంచాడు. అత్త వాకిట్లో ఇంత పెద్ద గుమ్మడికాయ దింపి, “వదినె, రేపు గిది వెట్టుకొని ముంగట నడువు. సోమారం పొద్దుగాల్ల ట్రాక్టర్ నీ చేన్ల ఉంటది” అన్నాడు. పండుగకని వచ్చిన నేను అక్కడే ఉన్నాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, నేను కూడా “తీసుకో అత్తా, ఏం పోతది” అన్నాను.

అత్త కాయను కాలితో తోయలేదు. రెండు చేతులా ఎత్తి మళ్లీ ట్రాక్టరులో పెట్టింది. “మంది పంట దేవుని ముంగట వెట్టి, గిది నువ్వే ఇచ్చినవయ్యా అంటె గాయినకు తెల్వదా? నేను రేపు గూడ ముంగట్నే నడుస్త” అన్నది.

“ఉత్త చేతుల్తోని నడుస్తవా? మరి ట్రాక్టర్ ముచ్చట మర్చిపో” అన్నాడాయన. “నీ గుర్రం నీదగ్గర్నే ఉండనియ్. నా భారం దేవుని మీద ఏసిన” అన్నది అత్త.

ఆదివారం నెత్తిన చుట్టబట్ట పెట్టుకొని, దాని మీద ఖాళీ గంప పెట్టుకొని ముందు నడిచింది. వెనక నడుస్తున్న నాకు కాళ్లు వణికాయి. పెద్దయ్యగారు వంగి చూసి, గంపలో ఏముందమ్మా అని అడిగారు. “ఏం లేదయ్యా. గీ ఏడు గోదారి దిన్నది. గంప నాది, తెచ్చిన. దేవుడు నా దేవుడు, వచ్చిన” అని గంప కింద పెట్టి, తనకు వచ్చిన ప్రవక్త మాట అందుకుంది. “పత్తి పుయ్యకున్నా, మక్క కంకి వెయ్యకున్నా, కొట్టంల బర్రె లేకున్నా నేనైతె నా దేవుని తోటి సంబురపడ్త!” పక్కనున్న ఊరి అయ్యగారు చిన్నగా, పత్తి కాదమ్మా, అంజూరం అని సరిదిద్దబోయాడు. “అంజూరం నేనెన్నడు జూసిన అయ్యగారూ? ఏసింది పత్తి, పోయింది పత్తి” అన్నది. ఎవరో కిసుక్కుమన్నారు. అంతలోనే వెనక ఒక ముసలాయన ఏడవడం వినబడింది. ఆయన చేతిలో మార్కెట్ సొరకాయ ఉంది. దాన్ని ఆయన ఎక్కడా పెట్టలేక అట్లాగే పట్టుకొని నిలబడ్డాడు.

సోమవారం ట్రాక్టరు రాలేదు. నేను బస్సుకు బయల్దేరుతూ చేను వైపు చూస్తే, అత్త అదే గంపలో ఇసుక ఎత్తి చేను పక్క వాగులో పోస్తున్నది. నాకు కోపమూ దుఃఖమూ ఒక్కసారే వచ్చాయి. “భారం దేవుని మీద ఏసిన అన్నవు గద, మరి గిదేంది?” అన్నాను.

“భారం ఆయిన మీదనే ఏసిన. ఇసుక నా నెత్తి మీదున్నది. జర చెయ్యి వెయ్యి బిడ్డా” అన్నది.

ఆ రోజు నేను బస్సెక్కలేదు. మధ్యాహ్నానికి ఆ ముసలాయన పార తీసుకొని వచ్చాడు. ఎంత మోసినా అర ఎకరం కూడా తేలలేదు. తేలిన చోట అత్త బొబ్బర్లు వేసింది, ఆ ఏడంతా మక్క గడక, బొబ్బర్లు తినే గడిపింది. మరుసటి పండుగకు ఆమె గంపలో ఉన్నది అడుగు కూడా నిండనన్ని బొబ్బర్లు. వాటిని ఎత్తుకొని ముందే నడిచింది, గంప నిండా బంగారమున్నదానిలాగా.

ఇప్పుడు అత్త లేదు. చేన్లో మిగిలిన ఇసుక ఉన్నది ఉన్నట్టే ఉంది. గంపను రెండుసార్లు కడిగాను, అల్లిక సందుల్లోంచి ఇంకా రాలుతున్నది. నాకు చేను లేదు, పంట లేదు, గేటు దగ్గర కొనే ఉద్దేశం అంతకన్నా లేదు. ఆదివారం దీన్ని ఖాళీగానే నెత్తిన పెట్టుకొని పోతాను, ఎవరేమన్నా అనుకోనీ. ఇన్నేళ్ల కాలం అత్తను తీసుకుపోయింది గాని, ఆమె వెనక నడుస్తూ వణికిన నా కాళ్లకు ఇన్నాళ్లకు వణుకు మాన్పింది.