కమల పేరున నేను మూసిన ఫిర్యాదులు

ఏళ్లుగా ఒక భయాన్ని మోస్తున్నాను. ఇప్పుడైనా రాసిపెట్టకపోతే మా టీములో పనిచేసిన కమల పని చేతకాని మనిషన్న మాటే నిలిచిపోతుంది. ఆ మాట అబద్ధం. దానికి కారణం నేను. అందుకే మీకు చెబుతున్నాను.

కోరమండల్ అనే పాత గనుల ఊరి నుంచి మేం కొందరం పొద్దున్నే రైలెక్కి బెంగళూరు ఆఫీసుకు పోయేవాళ్లం. కస్టమర్ల ఫిర్యాదులు తీర్చే పని. గోడ మీది టీవీలో ఒక్కో టీముకు ఒక రాకెట్ బొమ్మ. ఫిర్యాదు మూస్తే పాయింట్లు, రాకెట్ లేస్తుంది. ఆ కస్టమరే మళ్లీ ఫోన్ చేస్తే కోత. ఆ కోత ఎవరి మీద పడుతుందో ఎవరికీ అర్థమయ్యేది కాదు. నాకు తెలుసన్నాను. పదో తరగతితో బడి మానేసి, లైబ్రరీలో డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి, తెలియదని ఎట్లా అంటాను? కోత టీముకే, మనిషికి కాదు అని చెప్పినాను. అందరూ నమ్మినారు. నేనూ నమ్మినాను.

మా లైన్లలో, అంటే గనివాళ్ల వరుస ఇళ్లలో, కొళాయికి నీళ్లొచ్చే రోజు కమలకు మొదటి రైలు తప్పేది. అట్లాంటప్పుడు ముందు చేరినవాళ్లు రానివాళ్ల పాస్‌వర్డుతో లాగిన్ చేసిపెట్టడం మా రైలువాళ్ల అలవాటు. కమలకు చేసేది నేను. చేసి ఊరుకోలేదు. నాకు తెగని ఫిర్యాదులను ఆమె పేరున మూసేసేవాణ్ణి. రాకెట్ ఒకటే కదా అనుకున్నాను.

ఒకరోజు ఆ సాఫ్ట్‌వేర్ గురించి రాసిన పేజీలన్నీ చివరిదాకా చదివినాను. మూసినవాళ్ల పేరు మీదే కోత. ఆ పేజీ మూసేసినాను. అప్పుడే ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందనా, చదివినవాడన్న పేరు పోతుందనా? తర్వాతి నీళ్ల రోజున, అంతా తెలిసి, మళ్లీ అదే చేసినాను.

పని చేతకాదని కమలను ఉద్యోగంలోంచి తీసేసినారు. ఆ సాయంత్రం రైల్లో అడిగింది.

"అన్నా, నా పాయింట్లు యాడికి పోయినాయి? నువ్వు బుక్కులు చదివేటోడివి, చెప్పన్నా."

"అది మిషన్ లెక్కమ్మా. నాకూ అర్థం కాలేదు."

"నీకే కాలేదంటే ఇంగ ఆ రాకెట్ చేసినోనికి కూడా తెలిసుండదు పో!" అని నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడామె బట్టల ఫ్యాక్టరీకి అదే రైల్లో పోతోంది. బ్యాగు అడ్డం పెట్టి నాకు సీటు పట్టి ఉంచుతుంది. పక్కన కూర్చుంటే, ఈరోజు మళ్లీ అడుగుతుందేమోనని పుస్తకం తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకుంటాను. ఆఫీసులో మేనేజర్ పిలిస్తే, ఏ ఫిర్యాదు ఏ కంప్యూటర్ నుంచి మూసినారో బయటపడిందేమోనని రెండోసారి పిలిచేదాకా లేవను. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఏదీ చెరిగిపోదని కూడా నేనే చదివినాను మరి.

రాసినాక భయం కొంచెం తగ్గింది. అంతే. క్షమించమని అడిగే ధైర్యం ఇంకా రాలేదు.

పుస్తకం చేతికిచ్చిన లైబ్రేరియన్ మునిరత్నం సారుకు, లోపల పెట్టుకుని చావొద్దు, రాయి అన్న నా భార్య శారదకు నమస్కారం. ఇన్నాళ్లూ నాకు సీటు పట్టిన కమలకు కూడా. రేపు ఈ కాగితం ఆమె చేతికిస్తాను. ఎల్లుండి నాకు సీటు ఉంటుందో లేదో తెలియదు. ఈసారి నిజంగానే తెలియదు.