కొక్కేనికి తగిలించిన బిల్లు

మా మేనత్త సూట్‌కేసులు బాగుచేస్తుంది. ఊడిన చక్రం, చిరిగిన జిప్పు, మొరాయించే తాళం, ఏదైనా ఆమె చేతిలో పడితే దారికి రావాల్సిందే. ఒక్క మామయ్య తప్ప. ఇద్దరూ ఇరవై ఏళ్ళుగా ఒకే దుకాణంలో, నాలుగడుగుల దూరంలో కూర్చుని పనిచేస్తున్నారు. అందులో చివరి ఆరేళ్ళూ మాటల్లేవు.

గొడవంతా బోర్డు గురించి. దాని మీద మామయ్య పేరు, పక్కన 'అండ్ సన్స్' అని ఉండేది. వాళ్ళకున్నది ఒక్కగానొక్క కూతురు. పుట్టని కొడుకులకి చోటుంది గానీ, రెక్కలు ముక్కలు చేసుకుంటున్న నాకు లేదా అని అత్త అడిగింది. "బోర్డు మీద ఆడవాళ్ళ పేరెందుకు?" అన్నాడు మామయ్య. ఆ రోజు నుంచి అత్త ఆయనతో మాట్లాడటం మానేసింది.

పని మాత్రం ఆగలేదు. రిపేరుకొచ్చిన ప్రతి పెట్టెకీ ఒక చీటీ కడతారు. ఆ చీటీల మీదే సంసారం నడిచింది. 'ఎడమ చక్రం మార్చాలి. తలనొప్పిగా ఉంది' అని మామయ్య రాస్తే, 'మార్చాను. భోజనం ఉంది' అని అత్త రాసేది. కొందరు కస్టమర్లు ఆ చీటీలతోనే పెట్టెలు పట్టుకెళ్ళేవారు. మా ఇంటి సంగతులు ఏయే విమానాలెక్కాయో నాకు తెలియదు.

బిల్లులకూ ఒక పద్ధతుంది. టపా విప్పేది మామయ్య, డబ్బు కట్టేది అత్త. ఆయన కొక్కేనికి తగిలించాడంటే ఆమె కట్టేయాల్సిందే. ఎందుకని అడగాలంటే మాట్లాడాలి కదా.

మూడేళ్ళ కిందట ఒక బిల్లు వచ్చింది. వ్యాపారుల డైరెక్టరీలో అరపేజీ ప్రకటనకట. అందులో 'యజమానురాలు' అని అత్త పేరుంది. తన మీద కసి తీర్చుకోవడానికి ఆమే ఇచ్చుకుందనుకుని మామయ్య నోరు మూసుకుని తగిలించాడు. ఇన్నాళ్ళకి మనిషికి బుద్ధొచ్చింది, బోర్డు మీద కాకపోయినా పుస్తకంలో వేయించాడు అనుకుని అత్త కట్టేసింది. మర్నాటి నుంచి చీటీ మీద 'భోజనం ఉంది' పోయి 'వేడిగా ఉంది, తినండి' వచ్చింది. తను గొడవ చేయనందుకే మెత్తబడిందనుకుని మామయ్యా మెత్తబడ్డాడు. ఏటా ఒక బిల్లు, ఏటా కాస్త ప్రేమ.

ఈ ఏడాది సాక్ష్యం చెప్పమని ఇద్దరికీ కోర్టు నుంచి సమన్లొచ్చాయి. ఆ డైరెక్టరీ కంపెనీ ఎవరూ అడగని ప్రకటనలకి నాలుగు వందల దుకాణాలకి బిల్లులు పంపిందట. మా దుకాణం ఫోను అత్త పేరున ఉంది కాబట్టి ఆ పేరే ఎత్తి రాసింది. డైరెక్టరీ అనేది అసలు అచ్చే కాలేదు.

"ఈ ప్రకటన మీరిచ్చారా?" అని ప్రభుత్వ లాయరు అత్తని అడిగాడు.

"నేనెందుకిస్తానండీ? మా ఆయనే ఇచ్చారు," అంది అత్త, కాస్త గర్వంగానే.

తర్వాత మామయ్య బోనెక్కాడు. "నేనివ్వలేదండి. ఆవిడే ఇచ్చుకుందనుకున్నా."

జడ్జి కళ్ళజోడు తీశాడు. "ఒక్కమాట అడిగితే పోయేది కదయ్యా?"

"మాకు మాటల్లేవండి."

కంపెనీకి కళ్ళు తిరిగే జరిమానా పడింది. అందరి డబ్బూ వెనక్కివ్వాలని, ఆ యజమాని మళ్ళీ ఈ వ్యాపారం చేయకూడదని తీర్పు. బయట దుకాణదారులంతా సంబరపడుతుంటే అత్త ఒక్కతే మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. డబ్బు వెనక్కిస్తారు సరే, మొగుడు తన పేరు వేయించాడని మూడేళ్ళు మురిసిపోయిన మనిషికి ఏమిస్తారు? తీర్పులో దాని ఊసే లేదు. మామయ్య పక్కనే నిలబడి అంతా చూశాడు.

చీటీల మీదకి మళ్ళీ 'భోజనం ఉంది' వచ్చింది.

పది రోజుల తర్వాత అత్త జిప్పులు కొనడానికి బజారుకెళ్ళి, చేతుల నిండా మూటలతో తల వంచుకుని వచ్చింది. కొక్కేనికి ఒక బిల్లు వేలాడుతోంది. బోర్డులు రాసే పెయింటరుది. పాత అక్షరాలు గీకినందుకు ఇంత, కొత్త పేరు రాసినందుకు ఇంత. అత్త మూటలు కింద పడేసి బయటికెళ్ళింది. 'అండ్ సన్స్' ఉన్న చోట ఆమె పేరుంది, తడి ఇంకా ఆరలేదు.

లోపలికొచ్చి బిల్లు చేతిలోకి తీసుకుంది. ఒకసారి మోసపోయిన మనిషి కదా, ఈసారి అడక్కుండా కట్టలేదు.

"ఈ పని ఎవరిచ్చారు?" అంది. ఆరేళ్ళలో అదే మొదటి మాట.

"నేనే," అన్నాడు మామయ్య.

అత్త డబ్బు తీసి కట్టింది.