రెండుసార్లు కన్నుమూసిన తల్లి

చదువుకున్న కథను నాటకంగా ఆడుతున్నారంటే నాకు ఒళ్ళు మండుతుంది. మన పాటికి మనం ఒక మనిషిని మనసులో పెట్టుకుని ఉంటాం. ఎవరో వచ్చి ఆ మనిషికి రంగు పూసి, హార్మోనియం పక్కన నిలబెట్టి, ఇదిగో నువ్వు చదివింది ఈవిడనే అంటారు. ఎలా ఒప్పుకోను? ఈ గుణం వల్ల ఇద్దరు ముగ్గురు స్నేహితులు నాతో మాట్లాడటం కూడా తగ్గించారు. అయినా రాజమహేంద్రవరంలో ఒక నాటకాన్ని మాత్రం ఆసాంతం చూడవలసి వచ్చింది. మా నాన్న కోసం చూశాను.

అప్పట్లో నేను తణుకు పక్కన మా ఊళ్ళోనే బడిపంతుల్ని. నాన్న వ్యవసాయం చేసిన మనిషి. అక్షరం రాదు. పైగా రెండు కళ్ళకీ పొర కమ్ముకొస్తోంది. చెన్నపట్నంలో అచ్చయిన కథ ఒకటి నా చేతికి వస్తే, రోజూ ఎండ తగ్గాక అరుగు మీద కూర్చుని ఆయనకు చదివి వినిపించేవాణ్ణి. అది ఒక తల్లీ కొడుకుల కథ. ఎక్కడో దూరాన ఉన్న కొడుకు కబురంది పరుగెత్తుకొచ్చేసరికి తల్లి ఆఖరి ఊపిరితో ఉంటుంది. "అన్నం తిన్నావా నాయనా?" అని అడిగి కన్నుమూస్తుంది. ఆ తరవాతి వాక్యంలో కొడుకు నూతి దగ్గరకు వెళ్ళి చేద వేస్తాడు. ఇంకేమీ లేదు. నాకు ఆ పొదుపు ఎంత నచ్చిందో చెప్పలేను.

మా అమ్మ విశూచి జబ్బుతో పోయిననాడు నాన్న ధాన్యం పడవతో కాకినాడలో ఉన్నాడు. ఇంటికి చేరేసరికి అంతా అయిపోయి మూడు రోజులైంది. అమ్మ ఆఖరున ఏమందని నన్ను అడిగాడు. నాకప్పటికి ఆరేళ్ళు, చెప్పలేకపోయాను. మళ్ళీ ఆ మాట మా మధ్య రాలేదు.

కథలో ఆ తల్లి కన్నుమూసే పేజీ వచ్చినప్పుడల్లా నాన్న నన్ను ఆపేవాడు.

"ఆవిడ కట్టుకున్న కోక ఏ రంగని రాశాడ్రా?"

"రాయలేదు నాన్నా."

"అయితే ఆకుపచ్చదే."

అమ్మకు ఆకుపచ్చ చీర ఒకటి ఉండేది. పుస్తకంలో ఆ సంగతి రాయకపోబట్టే నాన్న దాన్ని తెచ్చి అక్కడ పెట్టుకోగలిగాడు. అందుకే, ఆ కథనే రాజమహేంద్రవరంలో ఆడుతున్నారని తెలిసి, తీసుకెళ్ళమని ఆయన పట్టుబట్టినప్పుడు నాకు భయం వేసింది.

"అది పుస్తకంలా ఉండదు నాన్నా. పాడు చేస్తారు."

"చేస్తే చెయ్యనీ. నువ్వు చదూతుంటే ఇనపడతాది. నాకు కనపడాల. వచ్చే ఏటికి ఈ మాత్రం చూపు కూడా ఉండదు."

కాలవ మీద పడవెక్కాం. పడవ నెమ్మదిగా పోతుంటే నాకు కాళ్ళు నిలవలేదు. నిడదవోలు దాటేదాకా ముందుకీ వెనక్కీ తిరిగాను. విజ్జేశ్వరం లాకుల దగ్గర ఆపితే గట్టు మీద పచార్లు చేశాను. వెనక్కి వెళ్ళిపోదామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. నాన్న మాత్రం ఉతికిన పంచె కట్టుకుని, పెళ్ళికి వెళ్ళేవాడిలా కదలకుండా కూర్చున్నాడు.

దీపాలు పెట్టగానే ఆట మొదలైంది. కాళ్ళు జాపితే వేదిక తగిలేంత దగ్గరగా కూర్చోబెట్టాను నాన్నను. తల్లి వేషం ఎవరో కచేరీ గుమాస్తాది. గీసుకున్న గడ్డం పౌడరు కింద నీలంగా కనబడుతోంది. కట్టిన చీర ఎర్రగా, జరీతో ధగధగలాడుతోంది. నేను నాన్న ముఖం వంక చూశాను. ఆయన మెడ చాచి, కళ్ళు చిట్లించి చూస్తున్నాడు.

అన్నం తిన్నావా అన్న మాటే లేదు. దాని బదులు అయిదు పద్యాలు. ఒక్కో పద్యానికీ ఇంత పొడుగు రాగం. అయిదోది ముగించి తల్లి వాలిపోయింది. నేను హమ్మయ్య అనుకునేలోపు జనం "వన్స్ మోర్!" అని ఈలలు. చచ్చిపోయిన తల్లి లేచి కూర్చుంది! పమిట సర్దుకుని, హార్మోనియం వైపు తలూపి, అయిదో పద్యం మళ్ళీ అందుకుంది. తలగడ ఎక్కడుందో చూసుకుని మరీ రెండోసారి చచ్చిపోయింది. నేను కోపం పట్టలేక లేచి నిలబడ్డాను.

"కూకోండి పంతులుగారూ, వెనకాలోళ్ళకి కనపడట్లేదండీ!" అని ఎవరో అరిచారు.

కూర్చున్నాను. అప్పుడు నా పక్కనుంచే మరో కేక వచ్చింది. "వన్సు మోరూ!" మా నాన్న. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరుస్తున్నాడు. ఆయన జన్మలో పలికిన ఇంగ్లీషు అదే.

"ఏంటి నాన్నా ఇది!" అని చెయ్యి పట్టి లాగాను.

"ఉండ్రా. అరిస్తే లెగుస్తాది."

తెర పడింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతున్నా ఆయన ఇంకో మూడుసార్లు అరిచాడు. ఆ తల్లి మళ్ళీ లేవలేదు. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

తిరుగు పడవలో దారి పొడుగునా ఆ ఎర్రచీరనీ, ఆ పద్యాలనీ తిట్టిపోశాను. నాన్న చాలాసేపు విని, "మీ అమ్మలాగ లేదులే. అయినా లెగిసింది గదరా," అన్నాడు.

మరుసటి ఏటికి ఆయన చూపు పూర్తిగా పోయింది. నేను మళ్ళీ ఆ పుస్తకమే తీశాను. అరుగు మీద కూర్చుని, ఆ పేజీ దాకా వచ్చి, "అన్నం తిన్నావా నాయనా?" అని చదివాను. నాన్న ఇటు తిరిగి, పక్కింటివాళ్ళకు వినబడకుండా, "వన్సు మోరు," అన్నాడు.

పేజీ వెనక్కి తిప్పాను. కొడుకు పరుగెత్తుకొచ్చాడు, ఆకుపచ్చ చీర కట్టుకున్న తల్లి అన్నం తిన్నావా అని అడిగింది. మళ్ళీ తిప్పాను. ఆయన ఉన్నన్నాళ్ళూ అలాగే చదివాను. చేద వేసే వాక్యం దాకా మేము మళ్ళీ ఎప్పుడూ వెళ్ళలేదు.