నల్లమేక మందు, పోచమ్మ పోతు

ఎండాకాలంలో మేకలు ఎదకు రావడం తక్కువ. వానలు పడ్డాక వాటంతట అవే వస్తాయి. మా నల్లమేక మాత్రం రెండేళ్లుగా ఏ కాలంలోనూ రాలేదు. "ఈ వానలకన్నా సూలు కట్టకపోతే కోతకిచ్చేస్త" అని మా అవ్వకు ఖరాఖండిగా చెప్పాను. పుట్టగానే తల్లి చచ్చిన నల్లమేకకు సీసాతో పాలు పట్టి పెంచింది ఆమే.

సిద్దిపేటలో పశువుల డాక్టర్ మేకను తడిమి చూసి, "బక్కగున్నది, బలం కావాలె" అని ఖనిజ లవణాల పొడి రాసిచ్చాడు. నానబెట్టిన మక్కజొన్న గింజల్లో కలిపి నెల రోజులు పెట్టమన్నాడు. పొద్దున్నే నేను పొలానికి పోవాలి కాబట్టి ఆ పని అవ్వకు అప్పగించాను. నా జన్మలో ఇంతకన్నా తెలివితక్కువ పని చేయలేదు.

నెల కావస్తోంది, డబ్బా అడుగంటింది. నల్లమేక పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. పక్క గుంజకు కట్టేసిన మేకపోతు మాత్రం నిగనిగలాడుతోంది. అనుమానమొచ్చి ఒకరోజు పొలానికి పోయినట్టే పోయి గోడచాటున నిలబడ్డాను. అవ్వ మక్కల గిన్నె తెచ్చి, నల్లమేక తల నిమిరి, దాన్ని దాటిపోయి పోతు ముందు పెట్టింది!

నాకు ఒళ్లు మండిపోయింది. "అవ్వా! గా మందు ఎవలికి తెచ్చిన్నే?"

"గట్ల అరుస్తవేందిరా? నల్లదాని కోసమే పెడుతున్న."

"పోతు తింటె నల్లదానికెట్ల బలమొస్తది?"

"నల్లది సూలు కడితే గీ పోతునిస్తనని పోచమ్మకు మొక్కిన. మొక్కిన పోతు బక్కగుంటే తల్లి ఒప్పుకుంటదా?"

నెత్తి కొట్టుకున్నాను. మేక కోసం మొక్కు, మొక్కు కోసం మేక మందు పోతుకు! డాక్టర్‌కు ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? ఆ కోపంలోనే మాంసం దుకాణం అతనికి ఫోన్ చేసి, తెల్లారి వచ్చి నల్లమేకను పట్టుకుపొమ్మన్నాను.

అతను వచ్చి తాడు విప్పబోయి ఆగిపోయాడు. మేక నొసటి నుంచి తోక దాకా పసుపు. కొమురవెల్లి మల్లన్న దగ్గర్నుంచి తెచ్చి గూట్లో దాచుకున్న బండారి అంతా దానికి పూసేసింది అవ్వ.

"అన్నా, దేవుని జీవాన్ని నేను ముట్టను" అని అతను బండెక్కి పోయాడు.

"ఆడమేకను దేవునికి ఎవలు ఇడుస్తరే?" అని అరిచాను.

"నేనిడిసిన. నా చేతుల పెరిగింది, కోతకెట్ల పంపుతరా?" అంటూ అవ్వ ఏడ్చింది.

నాకు సిగ్గేసింది. కోపం మాత్రం పోలేదు. సాయంత్రం సిద్దిపేట పోయి రెండు డబ్బాలు తెచ్చాను. ఒకటి నల్లమేకకు, నా చేత్తోనే పెట్టడానికి. రెండోది పోతుకు. అది లేకపోతే అవ్వ మొదటిది కూడా పోతుకే పెడుతుంది.